ఎల్లారెడ్డికి కామారెడ్డి స్టేషన్ ఎంత దూరం?

వందేళ్ళ కిందటి గెజిటీర్లలో నిజామాబాద్ జిల్లా తాలూకాల పేర్లు చూస్తే కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట సరిజోడుగా కనిపిస్తాయి. రెండూ తాలూకా కేంద్రాలే. దోమకొండ సంస్థానాన్ని ఏలిన కామినేని వంశపు అన్నదమ్ముల పేర్లే ఈ రెండు ఊళ్ళకూ వచ్చాయని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. షట్చక్రవర్తి చరిత్ర రాసిన కామినేని మల్లారెడ్డిది కూడా ఆ వంశమే. అలా జంటగా మొదలైన ఊళ్ళలో ఒకటి ఇవాళ జిల్లా కేంద్రం. రెండోది ఆ జిల్లాలోనే ఒక రెవెన్యూ డివిజన్. పట్నం పోవాలన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా, బొంబాయి బండెక్కాలన్నా ఎల్లారెడ్డి మనిషి లింగంపేట, తాడ్వాయి మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు బస్సులో వచ్చి కామారెడ్డిలో దిగాల్సిందే.

ఈ తేడా అంతా ఒక్క రైలు వల్లే వచ్చిందనడం సరికాదు. హైదరాబాద్-నాగపూర్ రహదారి కూడా కామారెడ్డినే పట్టుకుని పోయింది. కానీ మొదట దారి మళ్ళించినవి పట్టాలే. ఆ పట్టాల మీద నడిచే బండ్ల వేళలు, వాటికి జత కలవని బస్సుల వేళలు ఇవాళ్టికీ ఎల్లారెడ్డిని అసలు దూరం కంటే ఎక్కువ దూరంలో ఉంచుతున్నాయి. ఈ వేళల సంగతిని సరిచేయడం మన చేతుల్లోనే ఉంది.

లైను వేసిన కాలానికి ఒకసారి వెళ్ళాలి. నిజాం రాజ్యంలో రైలు ముందుగా వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చింది. 1889 నాటికి బెజవాడ దాకా సాగింది. ఇవి బ్రాడ్‌గేజ్ పట్టాలు. తరువాత హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో సికింద్రాబాద్ నుంచి ఇందూరు (నిజామాబాద్), నాందేడ్, పర్భణి, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా మరో దారి తలపెట్టారు. 1890ల చివర పని మొదలై 1901 నాటికి పూర్తయింది. పొడవు 391 మైళ్ళు. ఖర్చు తగ్గించుకోవడానికి దీన్ని మీటర్ గేజ్‌లో వేశారు. సికింద్రాబాద్ కంటోన్మెంటును ఉత్తర దేశంతో కలపడం, మరాఠ్వాడా పత్తిని బొంబాయి రేవుకు చేర్చడం ఆనాటి ప్రభుత్వానికీ రైల్వే కంపెనీకీ ముఖ్యమైన లెక్కలు. నడుమ వచ్చే ఊళ్ళ జనం ఆ లెక్కల్లో ఎంతవరకు ఉన్నారో ఊహించుకోవచ్చు. బొల్లారం, మేడ్చల్, మనోహరాబాద్, మాసాయిపేట, వడియారం, మిర్జాపల్లి, అక్కన్నపేట, భిక్నూరు, కామారెడ్డి, ఉప్పల్‌వాయి, సిర్నాపల్లి, ఇందల్‌వాయి, డిచ్‌పల్లి, నిజామాబాద్. దక్షిణం నుంచి ఉత్తరానికి గీత గీసినట్టు పోయిన ఈ వరసకు పడమటగా, మంజీర వైపు ఎల్లారెడ్డి ఉండిపోయింది.

ఆ మంజీర వైపే తరువాతి ముప్పై ఏళ్ళలో ఈ ప్రాంతపు సంపద పుట్టింది. 1922 నాటికి ఆలేరు వాగు మీద పోచారం, 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ లేచాయి. వరి పెరిగింది, చెరుకు పెరిగింది. చెరుకు కోసం బోధన్‌లో 1930ల చివర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని కోసం జానకంపేట నుంచి బోధన్‌కు ఒక చిన్న రైలు లైను కూడా వచ్చింది. అదే నిజాంసాగర్‌కు మరో పక్కనున్న ఎల్లారెడ్డికి ఏ లైనూ రాలేదు. అక్కడి పంట కామారెడ్డి మార్కెట్‌కు బండ్ల మీద కదిలింది. కామారెడ్డి బెల్లం మార్కెట్ రాష్ట్రాలు దాటి పేరు తెచ్చుకుందంటే, స్టేషన్ పక్కన ఉండటం ఒక కారణమైతే, పడమటి పల్లెల చెరుకు గానుగలు ఇంకో కారణం. స్టేషన్ కామారెడ్డిదే అయినా దానికి సరుకు పంపి పెంచిన ఊళ్ళు చాలా ఉన్నాయి.

ఇక్కడ ఒక పాత సంగతి తప్పకుండా చెప్పుకోవాలి. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసి నిజాం స్టేట్ రైల్వేగా మార్చింది. రెండేళ్ళకు, 1932 జూన్ 15న, ఆ రైల్వేలోనే ఒక రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. తెలంగాణలో, ఆంధ్రలో ఇవాళ తిరిగే ఆర్టీసీ ఎర్ర బస్సుకు పుట్టిల్లు రైల్వే శాఖ. రైలు పోని ఊరికి బస్సు పోవాలి, ఆ బస్సు మనిషిని తెచ్చి రైలుకు అందించాలి అన్న ఆలోచన ఒకే కార్యాలయంలో, ఒకే పద్దులో సాగేది. హైదరాబాద్ రాష్ట్రం ఇండియన్ యూనియన్‌లో కలిశాక రైలు కేంద్రానికి పోయింది. 1951 నవంబర్‌లో బస్సు రాష్ట్రం చేతికి వచ్చింది. పరిపాలన రీత్యా అది తప్పనిసరి. అయితే ఆ విడిపోవడంతో పోగొట్టుకున్నదేమిటో కామారెడ్డి స్టేషన్ బయట నిలబడితే తెలుస్తుంది. బండి దిగిన జనం ఎల్లారెడ్డి బస్సు కోసం ఆటో ఎక్కి బస్టాండుకు పోవాలి. రైలు అరగంట ఆలస్యమైతే ఆ సంగతి బస్టాండులో ఎవరికీ తెలియదు. ఆఖరి బస్సు తన వేళకు తాను వెళ్ళిపోతుంది.

1950 తరువాత ఈ లైను సెంట్రల్ రైల్వేలో ఉండి, 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. గేజ్ మాత్రం మరో తరం దాకా మారలేదు. మీటర్ గేజ్ కాలంలో అజంతా ఎక్స్‌ప్రెస్ ఈ దారికి పెద్ద బండి. బ్రాడ్‌గేజ్ దారిలో వచ్చిన సరుకు ఈ లైనుకు మారాలంటే ఒక వ్యాగను నుంచి దింపి ఇంకో వ్యాగనులోకి ఎత్తాలి. ఆ ఖర్చు, ఆ ఆలస్యం ఈ లైను మీది ప్రతి మార్కెట్టూ మోసింది. ఔరంగాబాద్ వైపు 1990లలో మొదలైన గేజ్ మార్పిడి 2000 దాటాక ఇటు పూర్తయింది. అప్పుడే కామారెడ్డి దేశంలోని మిగతా పట్టాలతో నిజంగా కలిసింది. దేవగిరి ఎక్స్‌ప్రెస్ పేరు ఈ జిల్లాలో తెలియని ఇల్లుండదు. గల్ఫ్ పోయే మనుషులు వీసా కాగితాలు చేత పట్టుకుని బొంబాయికి ఎక్కింది ఆ బండే. తిరుపతి పోవడానికి కృష్ణా, రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌లు. దూరప్రయాణానికి ఈ స్టేషన్ బాగానే పనికొచ్చింది.

రోజూ పోయి రోజూ వచ్చే మనిషికి అది ఎంత పనికొచ్చిందన్నది వేరే కథ.

సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి సుమారు 110 కిలోమీటర్లు. రైల్వే సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తుంది. సికింద్రాబాద్ నుంచి 160 కిలోమీటర్ల పైనున్న నిజామాబాద్ ఆ హద్దుకు అవతల పడుతుంది. అంటే ఈ లైను మీద సికింద్రాబాద్‌కు నెల పాసుతో పోయివచ్చే వీలున్న చివరి పెద్ద స్టేషన్ కామారెడ్డి. నగరంలో గది అద్దె కట్టలేని ప్రైవేటు ఉద్యోగి, కోచింగ్‌కు పోయే పిల్లలు, గాంధీ ఆసుపత్రికి నెలకోసారి మందుల కోసం పోయే ముసలివాళ్ళు, బేగంబజార్ నుంచి సరుకు తెచ్చుకునే చిల్లర దుకాణందారు, వీళ్ళందరికీ ఈ స్టేషన్ నగరానికి దగ్గరి దారి కావాలి. గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గరలోనే ఉంది. ఆసుపత్రికి దగ్గరలో దింపే రైలు విలువ రోగి వెంట వెళ్ళినవారికి బాగా తెలుసు.

మరి బండ్లు? సింగిల్ లైను మీద ఎదురు బండి వస్తే ఒకటి స్టేషన్‌లో ఆగాలి. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వాలి కాబట్టి ఆగేది ఎప్పుడూ ప్యాసింజరే. ‘క్రాసింగ్ పడింది’ అన్న మాట ఈ లైను ప్రయాణికుల నోట రోజూ వినబడుతుంది. ఒక బండి పావుగంట ఆలస్యమైతే దాని కోసం లూప్ లైనులో నిలబడ్డ బండి కూడా ఆలస్యమవుతుంది, దాని ఎదురు బండి మరింత. ఉద్యోగానికి పోయే మనిషికి రైలు వేగం కంటే నమ్మకం ముఖ్యం. రోజూ రెండున్నర గంటలు పట్టినా సర్దుకుంటాడు. ఒకరోజు రెండు గంటలు, మరోరోజు మూడున్నర అయితే వారం తిరక్కుండానే బస్సుకు మారిపోతాడు.

దీనికి తోడు కరోనా కాలపు దెబ్బ. 2020 మార్చిలో ప్యాసింజర్ బండ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి నడిచినవి ఎక్స్‌ప్రెస్ పేరుతో నడిచాయి. కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30కి పోయింది. భిక్నూరులో ఎక్కి కామారెడ్డిలో దిగే మనిషి కూడా 30 కట్టాలి. 2024 ఫిబ్రవరి ఆఖరులో గానీ పాత చార్జీ తిరిగి రాలేదు. దాదాపు నాలుగేళ్ళు! చిన్న స్టేషన్ ప్రయాణికుడిని అన్నాళ్ళు దూరం పెట్టి, ఇప్పుడు టికెట్లు అమ్ముడవడం లేదంటే అది ఆ ఊరి తప్పు కాదు. తలమడ్ల, ఉప్పల్‌వాయి, సిర్నాపల్లి వంటి చోట్ల బండి ఆగాలా వద్దా అని లెక్క వేసేటప్పుడు ఈ నాలుగేళ్ళను పక్కన పెట్టి చూడాలి.

2025 ఆగస్టు ఆఖరు వారం ఈ లైను ఎంత సున్నితమైనదో అందరికీ చూపించింది. కామారెడ్డి జిల్లాలో ఒకచోట ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. భిక్నూరు-తలమడ్ల మధ్య పట్టాల మీదుగా నీళ్ళు పారాయి. అక్కన్నపేట-మెదక్ లైను మీద కూడా అదే పరిస్థితి. బండ్లు రద్దయ్యాయి, కొన్నిటిని వేరే దారిన పంపారు. జాతీయ రహదారి కూడా దెబ్బతింది. ఆ రెండు రోజులూ ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు జనం పోచారం డ్యామ్ నిలుస్తుందా అని ఊపిరి బిగబట్టి చూశారు. వందేళ్ళ కట్ట నిలిచింది. కానీ పక్కనున్న జిల్లా కేంద్రానికి చేరే దారులన్నీ ఒకేసారి తెగిపోవడం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలిసింది. ఒకే లైను, ఒకే రహదారి, రెండూ ఒకే దిక్కుకు. పడమటి పక్క నుంచి ఇంకో రైలు దారి ఉంటే ఆ రోజుల్లో కనీసం సాయం తొందరగా అందేది.

ఇప్పుడు డబ్బు వస్తోంది. 2023 ఆగస్టు 6న దేశంలో 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. తెలంగాణలోని 21 స్టేషన్లలో కామారెడ్డి ఒకటి. సుమారు 40 కోట్ల రూపాయలు. అదే నెలలో కేంద్ర మంత్రివర్గం ముద్‌ఖేడ్-మేడ్చల్, మహబూబ్‌నగర్-డోన్ మధ్య రెండో లైనుకు ఆమోదం ఇచ్చింది. మొత్తం దాదాపు 418 కిలోమీటర్లు. కామారెడ్డి ఉన్నది ముద్‌ఖేడ్-మేడ్చల్ దారి నడుమ. స్టేషన్ పునర్నిర్మాణం, రెండో లైను, ఈ రెండింటిలో రోజువారీ ప్రయాణికుడి బతుకు మార్చగలిగింది రెండో లైనే. కొత్త ముఖద్వారం, లిఫ్టు, వెయిటింగ్ హాలు అవసరమే. ముసలివాళ్ళకు ఎస్కలేటర్ వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. కానీ వాటి మధ్య నిలబడి బండి కోసం గంటన్నర చూడాల్సివస్తే ఆ ఖర్చు సగమే ఫలించినట్టు. రెండో లైను పూర్తయ్యాక మిగిలే వేళను ఎవరికి ఇస్తారన్నది అసలు ప్రశ్న. సరుకు బండ్లకు, దూరపు ఎక్స్‌ప్రెస్‌లకు మొత్తం పంచేసి, మిగిలితే ప్యాసింజర్లకు అన్నట్టయితే కామారెడ్డి మళ్ళీ లూప్ లైనులోనే ఉంటుంది.

ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా వచ్చింది. అక్కడి నుంచి కామారెడ్డికి ఇంకో 80 కిలోమీటర్ల చిల్లర. నగర లోకల్ బండినే ఇక్కడిదాకా పొడిగించమనడం ఆచరణకు కష్టం, అన్ని స్టేషన్లలో ఆగుతూ వస్తే చాలాసేపు పడుతుంది. కావలసింది వేరు. ఈ దారి మీద విద్యుత్ తీగలు వచ్చాయి కాబట్టి, త్వరగా వేగం అందుకుని త్వరగా ఆగగలిగే మెమూ బండ్లు కామారెడ్డి నుంచి బయల్దేరాలి. పొద్దున తొమ్మిదిన్నరలోపు సికింద్రాబాద్‌లో దింపేది ఒకటి, సాయంత్రం ఆరు దాటాక అక్కడ బయల్దేరేది ఒకటి. నిజామాబాద్ నుంచి నిండి వచ్చే బండిలో కామారెడ్డి మనిషి తలుపు దగ్గర వేలాడటం కంటే, ఇక్కడే పుట్టే బండి ఒక్కటి ఎక్కువ మేలు చేస్తుంది.

ఎల్లారెడ్డి విషయానికి వస్తే, పట్టాలు పడేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. స్విట్జర్లాండ్ 1982లో దేశమంతటా రైళ్ళ వేళలను గంట గంటకు ఒకే నిమిషానికి కుదిర్చింది. కొండ ఊళ్ళకు పోయే పసుపు రంగు పోస్టు బస్సులు ఆ నిమిషాలకు జతగా స్టేషన్ ముందు ఆగుతాయి. అక్కడి కొండల్లో రైలు పోని ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. అయినా రైలు వ్యవస్థకు బయట ఉన్న ఊరు దాదాపు లేదు. అది డబ్బున్న దేశం, నిజమే. కానీ ఒక బస్సు వేళను ఒక రైలు వేళకు కలపడానికి డబ్బు కంటే ఎక్కువగా కావలసింది రెండు కార్యాలయాలు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం. 1932లో హైదరాబాద్ రాజ్యంలో చేసిన పనే ఇది.

పైగా ఇప్పుడు పరిస్థితి అనుకూలంగా ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి స్టేషన్‌కు బస్సు నేరుగా వస్తే, ఆ ఊరి బీడీ కార్మికురాలికి, నర్సింగ్ చదివే అమ్మాయికి పట్నం ప్రయాణంలో ఖర్చయ్యేది ఆ రైలు టికెట్ ఒక్కటే. పొద్దుటి రెండు బండ్లకు, సాయంత్రం రెండు బండ్లకు కలిసేలా ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట వైపు బస్సులను బస్టాండు నుంచి కాక స్టేషన్ ముందు నుంచి నడపాలి. బండి ఆలస్యమైతే ఆఖరి బస్సు దాని కోసం ఆగాలి. ఇంతకు మించి పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. కొత్తగా కట్టే స్టేషన్ ముందు బస్సులు తిరగడానికి జాగా ఇప్పుడే వదలాలి. కారు పార్కింగుకు గీతలు గీసేశాక ఆ జాగా మళ్ళీ దొరకదు.

దీర్ఘకాలపు కోరిక కూడా ఒకటి ఉంది, అది గాలిలో మేడ కాదు. ఈ ప్రధాన లైను నుంచి గత పదేళ్ళలో పుట్టిన కొమ్మలను చూడండి. నిజామాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా పెద్దపల్లికి 2017లో లైను పూర్తయింది. పీవీ నరసింహారావు ప్రధానిగా 1993లో శంకుస్థాపన చేసిన పని అది. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి లైను 2016లో మొదలై 2023 అక్టోబర్‌లో సిద్దిపేట చేరింది. అక్కన్నపేట నుంచి మెదక్‌కు 17 కిలోమీటర్ల లైను 2022 సెప్టెంబర్ 23న తెరుచుకుంది. సుమారు 205 కోట్ల ఖర్చులో రాష్ట్రం సగం భరించింది. తూర్పు వైపు కొమ్మలు దూరం సాగాయి. పడమటి వైపు మెదక్ దగ్గర పట్టాలు ఆగిపోయాయి. అటు ఉత్తరాన బోధన్ దగ్గర నిజాం కాలపు పట్టాలూ అలాగే ఆగాయి. రెండు కొసల మధ్య సుమారు వంద కిలోమీటర్ల దూరం ఉంది. ఆ దూరాన్ని ఇప్పటికే 765డి జాతీయ రహదారి మెదక్, ఎల్లారెడ్డి, రుద్రూర్ మీదుగా చాలావరకు కలిపింది.

జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గం పటం చూసినా ఇదే కనబడుతుంది. ఒక అంచున వికారాబాద్-పర్లి లైను జహీరాబాద్‌ను తాకుతుంది. మరో అంచున మన్మాడ్ లైను కామారెడ్డిని తాకుతుంది. నడుమ నారాయణఖేడ్, జుక్కల్, బాన్సువాడ, ఎల్లారెడ్డి ఊళ్ళకు పట్టాలే లేవు. బోధన్-బీదర్ లైను మాట దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. మెదక్-ఎల్లారెడ్డి-బాన్సువాడ-బోధన్ దారిని కూడా దానితో పాటు పరిశీలిస్తే రెండు మొండి కొసలు కలిసి ఒక పూర్తి మార్గం అవుతుంది. నాందేడ్ వైపు బండ్లకు వరదల వేళ ప్రత్యామ్నాయం దొరుకుతుంది.

అభ్యంతరాలు ఉన్నాయి, అవి చిన్నవి కావు. మెదక్-ఎల్లారెడ్డి నడుమ పోచారం అభయారణ్యం ఉంది, దాన్ని చీల్చుకుని పోవడానికి వీల్లేదు, చుట్టు తిప్పాలి. నిజాంసాగర్ ఆయకట్టు కింద రెండు పంటల భూమి ఇవ్వడానికి రైతు ఊరికే ఒప్పుకోడు, ఒప్పుకోనవసరమూ లేదు, న్యాయమైన పరిహారం అడుగుతాడు. టికెట్ల మీద ఈ లైను పెట్టుబడి తిరిగి రాదని రైల్వే అంటే అది కూడా నిజమే కావచ్చు. స్కాట్లాండ్‌లో 1969లో మూసేసిన బోర్డర్స్ లైనును 2015 సెప్టెంబర్‌లో ఎడిన్‌బరో నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా, దాదాపు 48 కిలోమీటర్లు, మళ్ళీ వేసి తెరిచారు. టికెట్ల లెక్క ఒక్కటే చూసి ఉంటే ఆ పని జరిగేది కాదు. రైలు లేని ఊళ్ళ నుంచి యువత వెళ్ళిపోవడాన్ని కూడా అక్కడ లెక్కలోకి తీసుకున్నారు. గల్ఫ్‌కు, భీవండికి, హైదరాబాద్‌కు వలస పోయి ఖాళీ అయిన ఇళ్ళు ఎల్లారెడ్డి, జుక్కల్ ప్రాంతంలో తక్కువేం కాదు.

మెదక్ లైనుకు రాష్ట్రం సగం ఖర్చు పెట్టబట్టే అది కదిలింది. సిద్దిపేట లైనుకూ రాష్ట్రం వాటా పెట్టింది. కాబట్టి ఎల్లారెడ్డి కోసం ఢిల్లీ వైపే చూస్తూ కూర్చోవడం కంటే హైదరాబాద్‌లో మొదటి అడుగు వేయించడం ముఖ్యం. మెదక్ నుంచి ఎల్లారెడ్డి దాకా మొదటి దశ, అభయారణ్యాన్ని తప్పించే దారిలో, తుది సర్వేకు రాష్ట్రం తన వాటా ప్రకటించాలి. ఇది ఎమ్మెల్యేలు, ఎంపీ కలిసి అడగాల్సిన పని. దీనికి ఏళ్ళు పడతాయి. కామారెడ్డి స్టేషన్ ముందు బస్సులకు జాగా వదలడానికి, పొద్దుటి బండికి ఎల్లారెడ్డి బస్సును కలపడానికి మాత్రం వచ్చే టైంటేబుల్ మార్పు దాకా పట్టే సమయం చాలు. జిల్లా కలెక్టర్, ఆర్టీసీ డిపో మేనేజర్, హైదరాబాద్ రైల్వే డివిజన్ అధికారులు ఆలోగా ఒకసారి కూర్చోవాలి, ఎల్లారెడ్డి ప్రయాణికులను కూడా పిలవాలి.